మూడో గ్లాసు

సహారా ఎడారిలో ఉన్న మా జానెత్ ఊళ్ళో గిటారు కచేరీకి టికెట్టు ఉండదు. ఊరి బయట, కొండరాళ్ళ కింద ఇసుకలో జనరేటరు పెట్టి రెండు స్పీకర్లు నిలబెడితే చాలు. పొద్దు వాలేసరికి ఊరు ఊరంతా చాపలతో, టీ సామాన్లతో దిగిపోతుంది. ఆ రోజు నేనూ, నా స్నేహితురాలు ఘైషా, మా బావ అమూద్ కలిసి వెళ్ళాం. చంటిపిల్ల లల్లాని అమ్మ దగ్గర పడుకోబెట్టి వచ్చాను. కాన్పు తర్వాత సరదాగా గడప దాటడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"జీపు ఇసుకలో దిగబడితే నీ పుణ్యమే మరదలా. బాలింత తిండి బాగా పట్టింది," అన్నాడు అమూద్.

"నీ డ్రైవింగు చూసి ఒంటెలు నవ్వుతున్నాయి. ముందు రోడ్డు చూడు బావా."

మేనత్త కొడుకుని ఎంత మాటన్నా మాలో తప్పు లేదు. అనకపోతేనే ఏదో కోపం వచ్చిందనుకుంటారు.

తీరా చాప పరిచాక తెలిసింది, టీ సామాను తేలేదని. నేను తెస్తానని ఘైషా, ఘైషా తెస్తుందని నేను. అమూద్ పగలబడి నవ్వాడు. జనానికి కాస్త ఎడంగా, ఒక రాతి చాటున చిన్న మంట కనిపించింది. ఒక ముసలావిడ ఒంటరిగా కూర్చుని టీ కాస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది.

"రండి బిడ్డా, కూర్చోండి. నువ్వు పాలిచ్చే తల్లివి కదూ? వాసన తెలుస్తోందిలే. పిల్లని ఎక్కడ పెట్టొచ్చావు?"

"మా అమ్మ దగ్గర పెద్దమ్మా. పాత బావి పక్కన, నీలం తలుపు ఇల్లు."

అడిగింది కదా అని చెప్పేశాను.

మొదటి గ్లాసు ఇచ్చింది. బతుకంత చేదు, అది అలాగే ఉండాలి. అప్పుడే గిటారు మొదలైంది. రెండోది ప్రేమంత తీపి, అదీ తాగాం. మూడోది చావంత మెత్తన అంటారు మా పెద్దవాళ్ళు. మూడూ తాగకుండా లేస్తే పోసినవాళ్ళ మొహాన ఉమ్మినట్టే.

ఆవిడ మూడో గ్లాసుకి టీ పొయ్యి మీద పెట్టింది. బొగ్గుల వాసన, పుదీనా వాసన, వాటి కింద ఎక్కడో తడి మట్టి వాసన. వాన మొహం చూడని చోట తడి మట్టి ఏమిటి అనుకున్నాను. పాట సాగుతోంది. ఇంకా సాగుతోంది... అదే పాట. సూర్యుడు కొండ అంచుమీద ఆగాడు, కిందికి దిగడం లేదు.

నా రొమ్ములు బరువెక్కాయి. సలుపు మొదలైంది. పాలు కారి పైగుడ్డ తడిసింది. లల్లా ఆకలి వేళ ఎప్పుడో దాటిపోయిందని ఒళ్ళు చెబుతోంది. ఆకాశం మాత్రం ఇంకా పొద్దుందంటోంది.

ఆవిడ చక్కెర దిమ్మని పగలగొడుతోంది. రాయితో...

మా ఇళ్ళల్లో దానికి చిన్న ఇనుప సుత్తి ఉంటుంది. సుత్తి లేని టీ సామాను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇనుము ముట్టనివాళ్ళు ఎవరో మా అమ్మమ్మ చెప్పేది. పేరు మాత్రం పలకనిచ్చేది కాదు.

"బావా," అన్నాను గుసగుసగా. "లేద్దాం."

"మూడోది తాగకుండానా? ఆవిడేమనుకుంటుంది?"

నవ్వుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం నవ్వడం లేదు. ఘైషా పాటకి ఊగుతోంది, ఆపలేకపోతోంది. నేను లేవబోయాను. కాళ్ళు ఇసుకలో పాతేసినట్టున్నాయి. ఆవిడ మూడు గ్లాసులు నింపింది. అమూద్ గ్లాసు పెదాల దాకా వచ్చింది.

అతని నడుముకి వేలాడే జీపు తాళం, ఇనపది, లాగాను. మంటలోకి విసిరాను.

చీకటి ఒక్కసారిగా పడింది. పాట తెగింది. జనరేటరు మోత ఎక్కడో దూరంగా వినిపించింది. మా ముందు మంట లేదు, బూడిదా లేదు. ఇసుక మీద తాళం మాత్రం ఉంది, చల్లగా.

ఇంటికి వచ్చే దారి పొడుగునా అమూద్ ఒక్క వెటకారం మాటా అనలేదు. అన్నిటికన్నా దానికే నాకు భయం వేసింది.

అమ్మ నీలం తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఇప్పుడా రావడం? ఆ పెద్దావిడ నీకోసం చూసి చూసి ఇప్పుడే వెళ్ళింది. కచేరీలో కలిశారట కదా?"

అమ్మని దాటుకుని లల్లా దగ్గరికి పరిగెత్తాను.

"ఎంత మంచిదో! పిల్ల ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తుంటే వేలు టీలో ముంచి నాకించింది. రెండుసార్లకే ఊరుకుంది. మూడోది తల్లి ఒళ్ళోనే తాగాలట, అక్కడ పెట్టి వెళ్ళింది. లోపలికి రాకముందే మన చక్కెర సుత్తి బయట పారేయించింది, తుప్పు పట్టిందని."

గోడ గూట్లో గ్లాసు ఉంది. నిండుగా. పొగలు కక్కుతూ.

అది జరిగి వారం దాటింది. ఎన్నిసార్లు ఇసుకలో పారబోసినా తెల్లారేసరికి అదే గూట్లో అలాగే ఉంటోంది. సుత్తి తెచ్చి పక్కన పెట్టాను. ఏమీ కాలేదు. లల్లా నా పాలు ముట్టడం లేదు. రోజురోజుకీ తేలికైపోతోంది. ఏడవడం కూడా మానేసింది.

ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది. గూటి వైపు చేతులు చాపి నవ్వుతోంది.