గెడ్డ కాడ దిగే అప్ప

పూండి నుంచి అక్కుపల్లి వెళ్ళే దారిలో, జీడితోటలు పలచబడి మొగలి పొదలు మొదలయ్యే చోట, ఒక బస్సు షెల్టరు ఉంది. ఉంది అనడం మర్యాద కోసమే. దాని పైకప్పుని తిత్లీ తుఫాను ఎత్తుకుపోయి ఎవరి తోటలో పడేసిందో ఇప్పటికీ తెలీదు. మిగిలినవి మూడు గోడలు, ఒక సిమెంటు బల్ల. బస్సు కూడా ఆ దారి మానేసి ఏళ్ళయింది.

మాననిది ఒక్కరే... అప్పలనరసమ్మ.

ఆవిడ బతికుండగా ఊళ్ళమ్మట చేపలమ్ముకుని, పొద్దుగూకే వేళకి ఖాళీ గంపతో ఆ బల్ల మీద కూర్చునేదట. ఒకనాడు బస్సొచ్చింది. హారన్ కొట్టింది. ఆవిడ లేవలేదు. నిద్రపోతోంది పాపం, లేపడమెందుకు అనుకుని బస్సు వెళ్ళిపోయింది. అది నిద్ర కాదని తెల్లారి తెలిసింది.

అప్పట్నుంచీ చీకటి పడ్డాక ఏ బండి ఆ షెల్టరు దాటినా... వెనక బరువెక్కుతుంది.

అరుపులుండవు. తెల్లచీర ఉండదు. ఉత్త బరువు. ఇంజను మూలుగుతుంది, బండి నీరసపడుతుంది. అలా ముందున్న గెడ్డ దాకా, అంటే అక్కడి చిన్న ఏటి మీది వంతెన దాకా, బరువు వదలదు. ఆ గెడ్డ పక్కనుంచే ఆవిడ పేటకి కాలిబాట. వంతెన కాడ వేగం తగ్గిస్తే దిగిపోతుంది. టిక్కెట్టు తీయదన్న మాటే గానీ ఎవరికీ ఏ హానీ చెయ్యదు.

ఊళ్ళో అందరికీ అక్క వరస కాబట్టి ఆవిడ అందరికీ అప్పే. వంతెన రాగానే గేరు తగ్గించి "దిగప్పా" అనడం అక్కుపల్లి మగాళ్ళకి అలవాటైపోయింది. నమ్మేవాళ్ళు పైకంటారు. నమ్మనివాళ్ళు లోపల అనుకుంటారు.

ఈ కథ నమ్మనివాడిది. చెప్పినవాళ్ళు నాకు ఎలా చెప్పారో అలాగే చెబుతున్నాను.

ఈశ్వర్ అక్కుపల్లివాడే. తండ్రితాతలు సముద్రం మీద బతికినా, తను ఐటీఐ చదివి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేసే పనిలో చేరాడు. చదువుకున్న మనిషి గదా, దెయ్యమంటే మండిపడేవాడు.

"అది దెయ్యం కాదు, ఎత్తు!" అనేవాడు టీకొట్టు దగ్గర బల్ల ఒక పక్క పైకి లేపి చూపిస్తూ. "రోడ్డు సదునుగా కనిపిత్తాది గానీ సెల్టర్నుంచి గెడ్డ దాకా ఇసకదిబ్బ మీదికి సన్నగా ఎక్కుతాది. మన కంటికి తెల్దు, సిన్నబండికి తెలుస్తాది. అంతే!"

"అంతేలే నాయనా," అనేవాడు ముసలి సన్యాసయ్య, ఒలికిపోయిన తన టీ వైపు దిగులుగా చూస్తూ.

ఇంతా చెప్పి ఈశ్వర్ కూడా వంతెన కాడ వేగం తగ్గించేవాడు. వంతెన మొదట్లో గతుకుంది, అందుకే, అనేవాడు. గతుకున్నమాట నిజమే.

అతనిది వంద సీసీ బండి. బండి తోలడం నేర్చుకున్నది దానిమీదే, ఉద్యోగానికి వెళ్ళింది దానిమీదే, రజనిని పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నదీ దానిమీదే. ఆ తెచ్చుకున్న రోజునే షెల్టరు దాటగానే బండి ఉస్సూరుమంది. కొత్తపెళ్ళికూతురు దిగి వంతెన దాకా నడిచింది. ఆ తర్వాత ఎప్పుడు ఇద్దరూ చీకటి పడ్డాక వచ్చినా అదే వరస.

"ఇంజను సిన్నది రజనీ," అనేవాడు సిగ్గుగా.

"ఇంజను సిన్నది కాదు మావా. మనం ముగ్గురం," అనేది రజని.

ఒక రాత్రి పెళ్ళి నుంచి తిరిగి వస్తున్నారు. రజని పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని బండి ముందు నడుస్తోంది. హెడ్‌లైటు వెలుగంతా ఆమె మీదే. అప్పుడే అటు పోతున్న ఆటో నిండా పెళ్ళివారు. ఎవరో కిసుక్కున నవ్వారు. రజని తల తిప్పలేదు, కానీ ఈశ్వర్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నవ్వు అతనికి చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు.

"పెద్దబండి కొంతాను," అన్నాడు ఇంటికొచ్చాక. "దాని ఎనక సీటు మీద ముందు నువ్వే ఎక్కాల. ఇంకెవుల్నీ ఎక్కించను. నువ్వు దిగి నడవడమన్నది ఇంక ఉండదు. వొట్టు."

రజని నవ్వి దీపం ఆర్పేసింది. తెల్లారేసరికి మాత్రం వీధంతా తెలిసింది. ఒట్టు వేసినవాడికి ఇక వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

చివరికి ఆ రోజు వచ్చింది. పాత బండి రజని అన్న కొండబాబుకి వెళ్ళింది. మూడువందల యాభై సీసీ కొత్త బండి, నల్లటిది, ఈశ్వర్ చేతికొచ్చింది. షోరూమువాళ్ళు సీటు మీది ప్లాస్టిక్ తీయబోతే ఒప్పుకోలేదు. వెనక ఫుట్‌రెస్టులు రెండూ తన చేత్తోనే పైకి మడిచి, రజనికి ఫోన్ చేశాడు.

"ప్లాస్టిక్ నువ్వే తియ్యాల. పుట్‌రెస్టులు నువ్వే దించాల. నానొస్తన్నాను, దిష్టికి నిమ్మకాయలు సూసుకో."

పూండి వచ్చేసరికి పొద్దు గూకింది. టీకొట్టు దగ్గర కొండబాబు, పక్కన పాత బండి. కొత్త బండి చుట్టూ తిరిగి వచ్చి, కొండబాబు గొంతు తగ్గించాడు.

"ఒక రౌండు ఎనకాల ఎక్కనిత్తావేటి బావా?"

"రజని ఎక్కీదాకా ఎవుల్నీ ఎక్కించను."

"మరి... అప్పో?"

ఈశ్వర్ పకపకా నవ్వాడు. "ఇది మూడొందల యాభై సీసీ బావా. అప్ప ఎక్కినా, అప్పతో పాటు బస్సుడు జనం ఎక్కినా, దీనికి తెల్దు!"

"దానికి తెల్దు సరే..." అని కొండబాబు నసిగాడు. "గెడ్డ కాడ మాత్రం నెమ్మది సెయ్యి."

ఆ మాట పూర్తయ్యేసరికి ఈశ్వర్ టీకొట్టు దాటేశాడు.

జీడితోటల మధ్య చీకటి చిక్కగా ఉంది. బండి చప్పుడు గుండెల్లో మోగుతోంది. ముందు హెడ్‌లైటు వెలుగు... ఆ వెలుగులో మూడు గోడలు... సిమెంటు బల్ల.

బల్ల మీద ఎవరూ లేరు.

ఈశ్వర్ పళ్ళు బిగించి చూశాడు — మూలుగుతుందేమోనని, నీరసపడుతుందేమోనని.

ఏమీ లేదు.

యాక్సిలేటరు తిప్పినంత ముందుకి ఉరికింది బండి. ఇన్నేళ్ళూ భార్యని నడిపించిన ఎత్తు ఎక్కడొచ్చిందో, ఎక్కడ పోయిందో తెలీనే లేదు. వంతెన వచ్చింది. గేరు తగ్గించలేదు. గతుకు చక్రాల కిందనుంచి అలా జారిపోయింది. ఆనందం పట్టలేక ఒక్కడే ఆ చీకట్లో గట్టిగా నవ్వాడు.

నవ్వు ఆగాక ఒక ఆలోచన వచ్చింది.

చిన్నబండి మీద ఎప్పుడు బరువెక్కిందో తెలిసేది. ఎప్పుడు తేలికయిందో తెలిసేది. ఇప్పుడు... ఏదీ తెలియలేదు.

అద్దంలో చీకటి తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూడలేదు. అవసరం లేదు కాబట్టి చూడలేదని తర్వాత చెప్పాడు.

ఇంటి ముందు రజని పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. కొత్తచీర కట్టుకుంది. హెడ్‌లైటుకి బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. మొహం వెలిగిపోతోంది. పసుపు పట్టుకుని బండి వెనక్కి వెళ్ళింది...

వెళ్ళి, ఆగిపోయింది.

"మావా... ఎవుల్ని ఎక్కించినావు?"

ఈశ్వర్ దిగి చూశాడు. వెనక సీటు ప్లాస్టిక్ నలిగి, ఒక పక్క చిరిగి ఉంది. ఫుట్‌రెస్టు దిగి ఉంది. రెండూ కాదు — ఎడమ పక్కది ఒక్కటే. ఆడవాళ్ళు పక్కకి తిరిగి కూర్చుంటే కాలు పెట్టుకునేది.

"ఎవుల్నీ నేదు..."

"మరిదేటి?"

"గతుకులకి దిగిపోనాదేమో."

"గతుకులకి ప్లాస్టిక్ కూడా సిరుగుద్దా?"

దెయ్యాన్ని ఎక్కించానంటే టీకొట్టు దగ్గర పరువు పోతుంది. ఎవర్నీ ఎక్కించలేదంటే ఇంట్లో కాపురం పోతుంది. చదువుకున్న మనిషి కదా, రెండూ బేరీజు వేసుకుంటూ నిలబడ్డాడు.

అంతలో కొండబాబు పాత బండి మీద వచ్చి పడ్డాడు. మొహమంతా నవ్వు.

"బావా! అప్ప ఎల్లిపోనాది! నా బండి ఎక్కనేదు! సెల్టర్నుంచి గెడ్డ దాకా పిట్టలా వొచ్చీసినాది, మూలుగు నేదు, ఏటీ నేదు!"

"అదెలాగ?" అన్నాడు ఈశ్వర్. "ఎత్తు ఉన్నాది కదా?"

అని, తన మాట తనకే వినిపించి ఊరుకున్నాడు. బండి మారింది గానీ రోడ్డు మారలేదు. నిన్నటిదాకా ఆ వంద సీసీని అక్కడ ఏడిపించిన ఎత్తు ఈ ఒక్క రాత్రికి ఎక్కడికి పోయింది?

రజని మొహంలో కోపం మెల్లగా జారిపోయింది. గొంతు గుసగుసయింది.

"గెడ్డ కాడ నెమ్మది సేసినావా?"

"...నేదు."

"అయితే ఆయమ్మ దిగనేదు మావా."

ముగ్గురూ వెనక సీటు వైపు చూశారు. ఎవరూ దగ్గరికి పోలేదు.

రజనికి భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. "ముందు నువ్వే ఎక్కాలన్నావు..." అంది, పళ్ళెం అరుగు మీద పెట్టేస్తూ. "దింపీసి రా."

ఊరంతా సద్దుమణిగాక బావలిద్దరూ రెండు బండ్ల మీద గెడ్డకి వెళ్ళారు. వంతెన మీద ఈశ్వర్ ఇంజను ఆపాడు. మొగలి పొదల్లో గాలి సరసరలాడుతోంది. జన్మలో మొదటిసారి పైకే అన్నాడు.

"దిగప్పా..."

కొండబాబు వంతెన గోడనే చూస్తూ పది దాకా లెక్కపెట్టాడు.

"దిగినాదేటి?" అన్నాడు కొండబాబు, తల తిప్పకుండా.

"తెల్దు."

"బండి తేలికయినాదా?"

"దీనికి బరువెప్పుడు తెలిసినాది గనక?" అన్నాడు ఈశ్వర్. అతని గొంతు ఎప్పుడూ అంత నీరసంగా లేదని కొండబాబు తర్వాత చెప్పాడు.

ఆ రోజు నుంచి అక్కుపల్లి చిన్నబండ్లన్నీ తేలికైపోయాయి. షెల్టరు దగ్గర ఒక్కటీ మూలగలేదు. ఊరు ఊపిరి పీల్చుకుంది. టీకొట్టు దగ్గర సన్యాసయ్య అందరి ముందూ ఒప్పుకున్నాడు.

"నువ్వు సెప్పిందే నిజం నాయనా. దెయ్యం నేదు, ఏటీ నేదు. సదువుకున్నోడివి, నీకు తెలిసినట్టు మాకేటి తెలుస్తాది?"

కుర్రాళ్ళు వంతెన కాడ వేగం తగ్గించడం మానేశారు. ఇన్నేళ్ళకి ఈశ్వర్ మాట ఊరంతా నమ్మింది. నమ్మనివాడు ఇప్పుడు ఈశ్వర్ ఒక్కడే.

రజని చాలా రోజులు ఆ బండి జోలికి పోలేదు. చివరికి ఈశ్వర్ బతిమాలగా బతిమాలగా ఒక ఉదయం తనే ప్లాస్టిక్ పీకేసి, సీటు పసుపునీళ్ళతో కడిగి, ఫుట్‌రెస్టు తన చేత్తో మడిచి మళ్ళీ దించి, పక్కకి తిరిగి కూర్చుంది. పలాస వెళ్ళారు. బజారు తిరిగారు. పగలంతా నవ్వుతూనే ఉంది. తిరిగొచ్చేసరికి చీకటి పడింది.

షెల్టరు వచ్చింది... పోయింది.

బండి ఉస్సూరనలేదు. ఇంజను మూలగలేదు. భుజం మీద రజని చెయ్యి వెచ్చగా ఉంది. ఆ ఆటోలోని నవ్వుకి ఇన్నాళ్ళకి జవాబు చెప్పినట్టనిపించి ఈశ్వర్‌కి ఛాతీ నిండిపోయింది.

"సూసినావా రజనీ? ఇంక నువ్వు దిగక్కర్నేదు."

వెనక రజని అతనికి ఇంకా దగ్గరగా జరిగింది.

కొంత దూరం పోయాక చెవి దగ్గర చిన్న గుసగుస.

"మావా... కాస్త ముందుకి జరుగు."

"ఎందుకే? ఎనకాల అంత కాళీ ఉన్నాది కదా?"

"...సోటు సాల్లేదు."

ఈశ్వర్ ట్యాంకు మీదికి జరిగాడు. రజనికి వేళాకోళం ఎక్కువ. ఇన్నాళ్ళ ఉక్రోషం ఇలా తీర్చుకుంటోందేమో అనుకున్నాడు. అనుకుంటూనే, వంతెన కనబడగానే గేరు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. పూర్తిగా ఆపాడు.

"దిగప్పా," అన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

వెనక కదలిక. సీటు కిర్రుమంది. భుజం మీద చెయ్యి తీసేసినట్టు తెలిసింది. హమ్మయ్య అనుకుని కళ్ళు తెరిచేసరికి — హెడ్‌లైటు వెలుగులో రజని. కుచ్చిళ్ళు ఒక చేత్తో, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని ముందు నడుచుకుంటూ వెళ్ళిపోతోంది.

"రజనీ! నువ్వెందుకే దిగినావు?"

రజని ఆగలేదు. వెనక్కి తిరగలేదు.

"ఆయమ్మ దిగనంతంది మావా... బండి బాగున్నాదట."