మిగిలిన మూడు మీటర్లు

ఉదయం ఎనిమిది గంటలకు శాస్త్రవేత్త తన లేబొరేటరీ మెట్ల మీద కుప్పకూలిపోయాడు. మెడ మీద సూదిమొనంత ఎర్రమచ్చ తప్ప ఒంటి మీద గాయం లేదు. బీరువాలో ఉండాల్సిన ఫైబర్ చుట్ట మాయమైంది.

కేసు ఏజెంట్ కొంగకి అప్పగించారు. ఒంటికాలి మీదైనా గంటల తరబడి కాపు కాస్తాడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. చనిపోయింది అతని సొంత బావ.

"ఏడుపు తర్వాత. ముందు పని," అన్నాడు చీఫ్.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. వాయువు మీద లేజర్ పడితే, చెదిరిన కాంతిలో పిసరంత రంగు మారుతుంది. అదే రామన్ స్కాటరింగ్. ఆ రంగును బట్టి అది ఏ వాయువో చెప్పొచ్చు. కానీ ఆ పిసరు సముద్రంలో ఇంగువ. బావ వెంట్రుకంత బోలు గాజు ఫైబర్‌కి లోపల వెండి పూత పూసి, గాలినీ కాంతినీ అందులో కలిపి బంధించి, ఆ పిసరును వేల రెట్లు పెంచాడు. ఎలా చేశాడో కాగితం మీద పెట్టలేదు.

తొమ్మిదిన్నరకి కొంగ మెకానిక్ వేషంలో భూగర్భ రైల్వే స్టేషన్‌లో ఉన్నాడు. అక్కడికి రమ్మని కబురు పెట్టిన గాయని పచ్చ పట్టు గౌనులో బెంచీ మీద కూర్చుని ఉంది. ఇటు డిపార్ట్‌మెంట్‌కీ అటు విదేశీ ముఠాకీ పనిచేసే డబుల్ ఏజెంట్.

"వాచీ ఆగిపోయిందా?" అన్నాడు.

"వాచీ కాదు, నేనే ఆగాను."

కోడ్ కుదిరింది. చుట్ట అప్పుడే విమానం ఎక్కేసిందని చెప్పింది. బీరువా తాళం ముఠాకి ఇచ్చింది తనేనట.

"దారం అమ్మాను, ప్రాణాలు కాదు. మీ బావని చంపుతారని తెలీదు." పౌడర్ డబ్బా అతని చేతిలో పెట్టింది. "మూడు మీటర్లు కత్తిరించి ఇందులో దాచాను. ఈ స్టేషన్ ఫ్యాన్ గదిలో ముఠా పన్నెండు గ్యాస్ సిలిండర్లు పెట్టింది. విషం ఒక్కదాంట్లోనే. తప్పుది విప్పితే అసలుది తెరుచుకుంటుంది. టైమర్ తొమ్మిది నలభైకి, సరిగ్గా రైలు సొరంగంలోకి వచ్చే వేళకి."

గుంపులో ఎవరో ఆమెను వెనక నుంచి తగిలి వెళ్లారు. ఆమె బెంచీ మీద మెల్లగా ఒరిగిపోయింది. మెడ మీద ఎర్రమచ్చ. తగిలినవాడి వెంట పరుగెత్తడానికి కొంగకి వ్యవధి లేదు.

ఫ్యాన్ గదిలో ఫైబర్ ఒక కొసకి పెన్ లేజర్, రెండో కొసకి టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చిన, రంగు మార్పును పట్టే మీటర్ తగిలించాడు. ఒక్కో మూత సందు దగ్గరా చిన్న పంపుతో గాలి లాగి ఫైబర్‌లోకి ఎక్కించాడు. ఒక్కోదానికి అరనిమిషం. పది సిలిండర్లకీ మీటర్ ఉలకలేదు, పలకలేదు. పదకొండోదాని దగ్గర ముల్లు నిట్టనిలువుగా లేచింది. చెమట పట్టిన వేళ్లతో నట్టు బిగించి, టైమర్ వైరు తెంపాడు. టైమర్‌లో ఇంకా నాలుగు సెకన్లున్నాయి.

విషం సోకి ఫైబర్ లోపలి వెండి నల్లబడింది. ఇక పనికిరాదు. మిగతా చుట్ట శత్రువు చేతిలో ఉంది. దాన్ని మళ్లీ చేయగలిగినవాడు మార్చురీలో ఉన్నాడు.

సాయంత్రం అక్క అడిగింది: "ఆయన చేసిందేదైనా మిగిలిందా తమ్ముడూ?"

రైల్లోని తొమ్మిదివందల మంది గురించి చెప్పకూడదు. అది అధికార రహస్యం.

"లేదక్కా," అన్నాడు.

ఆ రోజు 'ఫ్యాన్ మరమ్మతు' వల్ల రైలు సొరంగం ముందు నాలుగు నిమిషాలు ఆగినందుకు యాజమాన్యం ప్రయాణికులకి క్షమాపణ చెప్పింది. పదిహేడు మంది మాత్రం క్షమించలేదు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు.