తమలపాకు దుకాణంల నవాబ్

జర దగ్గరికి జరుగుండ్రి. ముచ్చట్లు బంద్ వెట్టుండ్రి. దగ్గేటోడుంటే ఇప్పుడే దగ్గుకో, నడిమిట్ల దగ్గితే ఊకునేది లేదు.

లడాయి దినాలు. హుస్సేనీ ఆలంల మైసయ్యది తమలపాకుల దుకాణం. అండ్ల ఒక ఊసరవెల్లిని సాదిండు. పేరు నవాబ్. అది హుస్సేనీ ఆలంల నాలుక సాపితే నది అవతల ఉస్మాన్‌గంజ్‌ల బెల్లం మీది ఈగ మాయమైతుండె. నమ్మనోడు లేసి పోవచ్చు.

మైసయ్య సచ్చిపోయిండు. దుకాణం బందైంది.

పదో దినం. పొద్దుగాల ఏడు గొట్టి పది నిమిషాలు. కబురు వోతే, పోలీస్ నాకా కెళ్లి అమీన్ షఫీఉద్దీన్ వచ్చి సైకిల్ దిగిండు.

ఆకుల గంప మీద నవాబ్ పడి ఉన్నడు. ఒళ్ళు నల్లగైంది. కండ్లు లోపటికి గుంజుకపోయినయ్. ఊపిరి మాత్రం ఆడుతున్నది.

పక్కన మైసయ్య పెండ్లాం వరమ్మ. మొగడు పోయిన నాడు గూడ ఆమె ఏడ్వలేదు. మొఖం గోడ లెక్క.

"ఎవలో పాయిజన్ పెట్టిండ్రు సాబ్," అన్నది, ఇంట్ల ఉప్పు అయిపోయింది అన్నట్టు. "ఆయన సాదిన పానం ఇదొక్కటే ఉన్నది. ఇది గూడ పోతది."

షఫీఉద్దీన్ గంప దగ్గర కూసున్నడు. ఇరవై ఏండ్లు మైసయ్య చేతి పాన్ తిన్న నోరు ఆయనది. తొమ్మిది దినాల సంది ఏం తిన్నా మట్టి లెక్కనే ఉన్నది.

పాలు పోసే అంజన్‌ను పిల్సిండు.

"దీంతోని నీకు దుష్మని ఉన్నదట?"

"ఉన్నది సాబ్. దీన్ని జూసి నా బర్రె బెదిరింది. రెండు శేర్ల పాలు మోరీల వడ్డయ్."

"సంపుత అన్నవా?"

"అన్న. బర్రెను గూడ సంపుత అన్న. అది మంచిగనే ఉన్నది, పోయి సూడుండ్రి."

పక్కింటి పర్దా ఎనక అన్వరీ బేగం. "మీరేం పెట్టిండ్రమ్మా?" అని అమీన్ అడిగిండు.

"నిన్న శహద్, గదే తేనె, పెట్టిన భాయ్. నోరే తెర్వలే. ఐదారు దినాల సంది గిట్లనే ఉన్నది."

అమీన్ గంప పక్క సూసిండు. ఇత్తడి గిన్నె. నిండ నీళ్ళు.

"నువ్వే పోస్తున్నవా వరమ్మా?"

"రోజు. పోయేటప్పుడు ఆయన ఒక్కటే అన్నడు, నవాబ్‌కు నీళ్ళు మర్వకు అని."

"పొద్దుగాల ఎంత పోస్తవు?"

"అంచు దాక."

"మాపటికి ఎంత పారవోస్తవు?"

వరమ్మ గిన్నె దిక్కు సూసింది. "అంచు దాకనే."

షఫీఉద్దీన్ గంపల ఒక ఆకు పట్టిండు. కరకర ఇరిగింది.

"మైసయ్య ఆకులు ఎండకుంట ఏం జేస్తుండె?"

"పొద్దుగాల, మాపటికి నీళ్ళు చల్లుతుండె."

"మరి ఇప్పుడు?"

"మైల గద సాబ్. బేరం ముట్టద్దు."

"మైల నీకు. నాకు లేదు. చెంబు తే."

అమీన్ గంప నిండ నీళ్ళు చల్లిండు. అందరు ఇనేటట్టు చెప్పిండు.

"పాయిజన్ లేదు, ఏం లేదు. ఇది గిన్నెల తాగే జీవి కాదు. ఆకు మీది బొట్లు నాకుతది. మైసయ్య బేరానికి చల్లిన నీళ్ళే దీని నీళ్ళు. దుకాణం బందైంది, దీనికి దూపయింది. గిన్నె నిండ ఉన్నదని అందరం పాయిజన్ దేవులాడినం."

ఎనిమిది గొట్టింది. ఒక్క కన్ను తిరిగింది. నోరు మెల్లగ తెరుసుకుంది. ఒక బొట్టు. ఇంకొక బొట్టు. తోక కొసకు జరంత పచ్చదనం ఎక్కింది.

"నేను మరిసిపోలే సాబ్," అన్నది వరమ్మ.

"లేదమ్మా. ఎక్కడ పొయ్యాల్నో ఆయన చెప్పలే, గంతే."

ఆమె చెంబు గుంజుకున్నది. మైల గియిల ఏం సూడలేదు. చల్లింది. మళ్ళ చల్లింది. ఆమె మొఖం గూడ తడిసింది. ఏ నీళ్ళతోనో అమీన్ పంచనామాల రాయలేదు.

అంజన్ తల గోక్కుంట అన్నడు:

"గట్లయితే సాబ్, నా బర్రెకు గూడ నీళ్ళు మీదనే చల్లుత. ఇగ పాలు పల్సగైతే నన్ను అడగద్దు."