నూట ఎనభయ్యో అడుగు

“పన్నెండడుగులేనా! నేనేమన్నా పసిపిల్లాణ్ణా?” అన్నాడు పెయింటర్.

నిచ్చెన మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకుని, నెల రోజులుగా ఆసుపత్రి మంచానికి అతుక్కుపోయాడు గాని నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు.

“ఇవాళ పన్నెండు. రేపటి నుంచి రోజుకు ఎనిమిది చొప్పున పెంచుదాం. ఒక్కటి కూడా ఎక్కువ వద్దు,” అంది నడిపించడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు.

పన్నెండు, ఇరవై, ఇరవై ఎనిమిది. అడుగులు లెక్క ప్రకారమే పెరిగాయి. ఆమె మీద ఇష్టం మాత్రం లెక్కాపత్రం లేకుండా పెరిగింది.

నాలుగో రోజు, ముప్పై ఆరో అడుగు దగ్గర ఆమె చెప్పింది, వేరే ఊరికి బదిలీ అయిందని, ఇరవై ఒకటో రోజు సాయంత్రం బస్సని.

“మీకో మాట చెప్పాలి,” అన్నాడతను.

“మంచం మీదున్నవాళ్ళ మాటలు నేను నమ్మను. లేచి నడిచాక ఎవరికీ గుర్తుండవు.” నవ్వుతూనే అంది గాని కళ్ళు నవ్వలేదు.

“అయితే గేటు దాకా నడిచొచ్చి చెబుతా. ఎన్నడుగులు?”

“నూట ఎనభై.”

మందుల చీటీ వెనక లెక్కవేశాడు. మొదటి పన్నెండు తీసేస్తే నూట అరవై ఎనిమిది. ఎనిమిదితో భాగిస్తే ఇరవై ఒకటి. “సరిగ్గా ఇరవై ఒకటో రోజే!” అని చూపించాడు. ఆమె ఆ చీటీని చాలాసేపు చూసి, మడతపెట్టి తిరిగిచ్చేసింది.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం సన్నగా వాన. గేటు దగ్గర సంచితో ఆమె నిలబడింది. అతనికి తోడుగా పక్కనే నడుస్తున్న అతని అక్క, “నూట డెబ్బై రెండు. ఇవాల్టికింతేరా,” అని ఆపేసింది.

గేటు ఇంకా ఎనిమిది అడుగుల దూరంలో ఉంది.

అప్పుడు తట్టింది అతనికి. మొదటి రోజు కలిపిందేమీ లేదు. ఇరవై ఒక్క రోజుల్లో పెరిగింది ఇరవైసార్లే. గేటు చేరేది రేపు. రేపు ఆమె ఉండదు. దుఃఖం ముంచుకొచ్చి కాలు ముందుకు వెయ్యబోయాడు.

“ఆగండి!” అని అరిచింది ఆమె.

“లెక్క తప్పానండీ.”

“తెలుసు. చీటీ చూసినరోజే తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే తొందరపడి కాలు మళ్ళీ విరగ్గొట్టుకునేవారు.” సంచి కింద పెట్టి, వానలో తడుస్తూ వచ్చి ఎదురుగా నిలబడింది. “ఆ ఎనిమిదీ నేను నడవకూడదని ఎవరన్నారు? ఇప్పుడు చెప్పండి.”

ఇన్నాళ్ళూ ఆగని నోరు అప్పుడే మూగబోయింది. అక్క ఉండబట్టలేక, “నిన్ను పెళ్ళి చేసుకుంటానంటాడమ్మా మావాడు. మా ఇంట్లో అందరికీ ఇష్టమే,” అంది.

“ఆయన్నే చెప్పమనండి. ఆగుతాను.”

అతను చెప్పేసరికి బస్సు వెళ్ళిపోయింది.