ఊరికి చెప్పిన మాట

పొద్దున బియ్యం కడగబోతూ సునే ఒక చెంచాడు తీసి మూలనున్న జాడీలో పోసింది. కొరియా పల్లెల్లో తల్లుల సంఘాలు జోరందుకున్న రోజులవి. ప్రతి ఇంటా పూటపూటా చెంచాడు బియ్యం సంఘానికే. ఆ ఊరి సంఘానికి పెద్ద సునే అత్తగారు ఓక్‌బున్. కోడలు మాత్రం ఒక్క సమావేశానికీ వెళ్లి ఎరగదు. పిల్లల్ని ఎవరు చూస్తారని అత్తగారు ఎప్పుడూ ఇంట్లోనే ఉంచేసేది. తన పెట్టెలో ఉన్న గుడ్డమూట గురించి అడిగితే, నులిపురుగుల మందు, ముట్టుకోకు అనేది.

ఆ రోజు వాగు దగ్గర బట్టలుతుకుతూ పక్కింటి తేసిక్ తల్లి మాటల్లో అడిగింది. "నువ్వు మాత్ర ఏ వేళకి వేసుకుంటావు? నేను రాత్రి అన్నం తినగానే వేసుకుందామనుకుంటాను, ఒకటే మరుపు."

ఏ మాత్రో సునేకి తెలియలేదు. కానుపులు ఆపే మాత్రట. ఊళ్లో పిల్లల తల్లులందరికీ నెలనెలా పంచేది ఓక్‌బునేనట. తేసిక్ నాయనమ్మ అడ్డుపడితే, "కోడలంటే ఏటా ఈనే ఆవనుకున్నావా?" అని ఇంటికెళ్లి మరీ గడ్డి పెట్టిందట.

సునేకి ఒళ్లు మండిపోయింది. మూడో ఆడపిల్ల పుట్టినప్పుడు నెత్తురు ఆగక చావు అంచుదాకా వెళ్లొచ్చింది తను. ఇంకో కానుపైతే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు అంటుంటే పక్కన నిలబడి విన్నది ఈ అత్తగారే. ఇంటికొచ్చి మనవడు ఎప్పుడని సణిగేదీ ఆవిడే. ఇంకో కానుపు వద్దని మొగుడితో అంటే, అమ్మనడుగు అంటాడు. చెప్పేవి శ్రీరంగనీతులంటే ఇవే.

మధ్యాహ్నం సంఘం ఈసారి సునే వాళ్ల పంచలోనే కూడింది. చంటిదాన్ని వీపున కట్టుకుని సునే వచ్చి అందరి మధ్యా కూర్చుంది. లోపలికి పొమ్మని ఓక్‌బున్ కళ్లతోనే సైగ చేసింది. సునే కదల్లేదు.

"అధ్యక్షురాలమ్మా, ఆ మాత్రలు నాకూ ఇవ్వండి" అంటూ చెయ్యి చాచింది.

"నీకెందుకే ఇప్పుడు?"

"తేసిక్ తల్లికి ఇద్దరే, ఆవిడకెందుకిచ్చారు? నాకు ముగ్గురు. నాకేమో నులిపురుగుల మందని చెప్పారు. ఇంతమందిని బతకమన్న నోటితో నన్నొక్కదాన్నే చావమన్నారా, అత్తయ్యా?"

 ఒకప్పుడు చీవాట్లు తిన్న తేసిక్ నాయనమ్మే నింపాదిగా అంది. "ఓక్‌బున్, నా ఇంటికొచ్చి నువ్వన్న మాటలు ఇప్పుడు నేను నీకు చెప్పనా?"

"వద్దు వదినా, అన్నీ గుర్తే." ఓక్‌బున్ తల దించుకుంది. "ఎవరింట చెప్పినా ఆగేది వాళ్ల వంశమేగా అనుకున్నాను. నా గడప దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు."

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నా సునేకి జాలి కలగలేదు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంచింది.

భోజనాల వేళ కోడలి గిన్నె పక్కన మాత్రా నీళ్లూ ఓక్‌బునే తెచ్చి పెట్టింది. "ఊరంతా తిరిగానే అమ్మా. అన్నిటికన్నా దూరం మన ఇల్లే అయింది."

సునే మాత్ర మింగింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అత్తగారు చంటిదాన్ని తన ఒళ్లోకి తీసుకుని, "తిను, చల్లారిపోతోంది" అంది.