గోడ వెనక సంతకాలు

"పన్నెండు కంపెనీలు వస్తున్నాయి. పదకొండు అసలువి, ఒకటి దొంగది. అది ఏదో మనకు తెలియదు" అంది గూఢచారి విభాగం చీఫ్ ఓక్, పంది మాంసం సూప్‌లో అన్నం కలుపుకుంటూ.

కొరియాలోని బుసాన్ రేవు పక్కన చిన్న హోటల్. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ గుమ్ ఇరవై ఏళ్ల సర్వీసులో చేపల వ్యాపారిగా, దుబాసీగా, ఒకసారి సన్యాసిగా కూడా నటించాడు. నేటి వేషం కంప్యూటర్ గేమ్స్ పరిశ్రమ నుంచి వచ్చిన పరీక్షకుడు. యూనివర్సిటీ గేమ్స్ విభాగం ఏటా ఆఖరి సంవత్సరం విద్యార్థుల ఆటలను ప్రదర్శనకు పెడుతుంది. కంపెనీలవాళ్లు ఆడి చూసి, నచ్చినవాళ్లతో ఒప్పందం చేసుకుంటారు.

మ్యాంగ్ సోయున్ అనే అమ్మాయి ఆటలో మెట్రో స్టేషన్ తగలబడుతుంది. ఆరువేల మందిలో ఎవరు ఏ తలుపు వైపు పరుగెడతారో ఆ ప్రోగ్రామ్ ముందే లెక్క కడుతుంది. జనాన్ని బతికించడానికి రాసిన లెక్కే, కానీ విషవాయువు ఎక్కడ వదిలితే ఎక్కువమంది చస్తారో కూడా అదే చెప్పేస్తుంది. ఒక విదేశీ ముఠా దానికోసం దొంగ కంపెనీ పెట్టి కాచుకుని ఉంది. ఐదింటికి ఒప్పందాల మీద, సంతకాలకు బదులు, ఎవరి పేరు ముద్ర వాళ్లు వేస్తారు. ముద్ర పడగానే కోడ్ దేశం దాటుతుంది.

తప్పు మనిషిని పట్టుకుంటే అసలువాడు జారుకుంటాడని చీఫ్ హెచ్చరించింది. అతిథులందరినీ హాలుకు వెంటబెట్టుకొస్తున్నది సన్‌వూ హేరిన్ అనే ఆమె. ఆమె ఇటు చీఫ్‌కూ అటు ముఠాకూ, రెండువైపులా పనిచేస్తుంది. నెల రోజులుగా ఆమె నుంచి చీఫ్‌కు కబురు లేదు.

గుమ్ చొక్కా గుండీలో మీట ఉంది. నొక్కితే ప్రదర్శన హాలు గుమ్మం దగ్గర చేపల వడలు అమ్మేవాళ్ల వేషంలో ఉండే ఇద్దరు మనుషులు లోపలికి దూకుతారు.

మూడింటికి హాలు నిండింది. ప్రొఫెసర్ తక్ చిల్లులు పడ్డ స్వెటర్‌తో గుమ్మంలో నిలబడి అతిథులకు రెండు చేతులా తన కార్డు అందిస్తున్నాడు. ఆటలు కూడా చదువేనా అని పదిహేనేళ్లుగా వెక్కిరిస్తున్నా ఆయన తగ్గలేదు. కంపెనీల గుమ్మాల ముందు పడిగాపులు పడి ఒక్కొక్కరినీ ఈ హాలుకు రప్పించుకున్నాడు.

గుమ్ ముందుగా సోయున్ ఆట ఆడాడు. నాలుగు నిమిషాల్లో ఆరువేల మందినీ బయటపడేశాడు. మెచ్చుకుంటుందనుకున్న సోయున్ అతన్ని జాలిగా చూసి కాగితం మీద ఏదో రాసుకుంది.

మిగతావాళ్ల ఆట చూస్తే అతనికి నవ్వొచ్చింది. తెర మీద జనం మాడిపోతుంటే వెనక్కి తిరిగి గోడలను ఒరుసుకుంటూ పోతున్నారు. ఒక బట్టతల ముసలాయన ఒకే మూలకు తొమ్మిదిసార్లు గుద్దుకున్నాడు. వీడికి ఆటే రాదు, దొరికాడు దొంగ అనుకున్నాడు గుమ్. ఒక కంపెనీ డైరెక్టర్ యోమ్ మాత్రం మూడే నిమిషాల్లో చక్కగా ముగించి చప్పట్లు కొట్టాడు.

ఎర్ర పట్టు గౌనులో హేరిన్ పక్కకు వచ్చింది. "గోడలు చూశారా సార్?"

సరసమాడుతోందనుకుని గుమ్ కోటు సర్దుకున్నాడు.

ఐదుకు రెండు నిమిషాలు. యోమ్ ఒప్పందం పరిచాడు. సోయున్ తన ముద్ర బల్ల మీద పెట్టింది. ముసలాయన మీద కళ్లు పెట్టి, గుమ్ గుండీ మీద వేలు పెట్టాడు.

"సార్, ఒక్క మాట. గోడ వెనక ఏముంది?" అని యోమ్‌ను అడిగింది సోయున్.

"ఏ గోడ?"

సోయున్ తిరిగి ప్రొఫెసర్‌ని చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆటలు తయారుచేసేవాళ్లెవరూ ముందుకు పరుగెత్తరు. ముందు వెనక్కి తిరిగి, గోడ ఎక్కడ విరుగుతుందో చూస్తారు. అందుకే ఇక్కడి పిల్లలు ఏటా తమ ఆటలో ఒక మూల గోడకు కన్నం వదిలి, దాని వెనక సంతకాల పుస్తకం పెడతారు. ఈ ఆనవాయితీ ఆ వృత్తికి బయటివాళ్లకు తెలియదు.

సోయున్ ఆ పుస్తకాన్ని పెద్ద తెర మీదికి తెచ్చింది. పదకొండు కంపెనీల సంతకాలు. అందరికంటే పైన ముసలాయనది. పన్నెండో వరుసలో, 'ఇక్కడే చదివిన ఏడో బ్యాచ్ సీనియర్‌ని. యోమ్ కంపెనీ బూటకం. ముద్ర వేయకు చెల్లీ. హేరిన్.'

యోమ్ గొంతు తగ్గించాడు. "నేను తలుచుకుంటే ఈ దేశంలో ఏ కంపెనీ నిన్ను గుమ్మం తొక్కనివ్వదు."

"తొక్కనివ్వకపోతే మానె. మా అమ్మ మెట్రోలో మెట్లు తుడుస్తుంది. ఆ మెట్లెక్కి జనం బతకాలని రాశాను. ఇవ్వను. ఏం చేసుకుంటావో చేసుకో."

ప్రొఫెసర్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తర్వాత ముసలాయన. ఆ తర్వాత మిగతా పదిమందీ ఒక్కొక్కరే లేచి వచ్చారు.

యోమ్ సోయున్ ముద్ర లాక్కుని కాగితం మీదికి దించాడు. హేరిన్ కాగితాన్ని చటుక్కున లాగేసింది. ఎర్ర ముద్ర బల్ల మీది తెల్లగుడ్డ మీద పడింది. గుమ్ గుండీ నొక్కాడు. వడల వాసనతో ఇద్దరు వచ్చి యోమ్ చేతులు విరిచిపట్టుకున్నారు.

"నా ఫోను, నా మాట, అన్నీ ముఠావాళ్లు వింటున్నారు సార్. వాళ్లు తొంగిచూడని చోటు ఆ గోడ ఒక్కటే. మీరు చూస్తారనుకున్నాను" అంది హేరిన్, యోమ్ మాటలన్నీ రికార్డయిన లిప్‌స్టిక్ ఆకారపు యంత్రాన్ని గుమ్ చేతిలో పెడుతూ.

గుమ్‌కు సిగ్గేసింది. సోయున్ ఆ ప్రశ్న ఇంకొక్క క్షణం ఆగి అడిగి ఉంటే ముసలాయన మీద మనుషులను ఉసిగొల్పేవాడే.

సోమవారం గేమ్స్ విభాగం నుంచి కవరు వచ్చింది. బయటి పరీక్షకులకు విద్యార్థులు మార్కులు వేసే పద్ధతి కూడా అక్కడ ఉందట. సోయున్ రాసింది చీఫ్ పైకి చదివింది. "మనిషి మంచివాడే. వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు లేదు. ఈ వృత్తికి పనికిరాడు."

చీఫ్ దాన్ని మడిచి గుమ్ సర్వీసు ఫైల్లో పెట్టేసింది.