అత్తగారి చారులో ఎంత ఉప్పు?

నగానో కొండల్లో అప్పుడే తెల్లవారింది. పొయ్యి మీద మిసో చారు, ఊరబెట్టిన ఉప్పటి సోయా ముద్ద కలిపినది, మరుగుతోంది. కినుయె చప్పుడు కాకుండా గిన్నెలోకి గరిటెడు చారు పోసుకుని, ఉప్పు కొలిచే పరికరం మొన అందులో ముంచింది.

ఉప్పు వాడకం తగ్గించాలని ప్రభుత్వం ఊరూరా ప్రచారం మొదలుపెట్టింది. ఈ వాడకు కార్యకర్త కినుయె. నిన్న ఆరిళ్ళకు వెళితే ఆరిళ్ళలోనూ ఒకటే ఎగతాళి: "ముందు మీ అత్తగారి కుండ కొలిచి రావమ్మా!" ఈ మధ్యాహ్నమే వాడ ఆడవాళ్ళందరి సమావేశం.

అంకె తేలింది. ఒకటి పాయింట్ ఎనిమిది శాతం. ఒకటి దాటకూడదు.

"ఏంటది? నా చారుకి జ్వరం చూస్తున్నావా?" వెనకనుంచి అత్తగారు తొమె గొంతు.

"ఉప్పు చూస్తున్నా అత్తయ్యా. బాగా ఎక్కువుంది."

"ఓహో! నలభై ఏళ్ళుగా వండుతున్నా. ఇప్పుడు గవర్నమెంటు నాకు మార్కులేస్తుందా?"

"మార్కులు కాదు. మీ అబ్బాయికి బీపీ నూట డెబ్బై ఉంది."

"పొద్దస్తమానం తోటలో చెమటోడుస్తాడు. ఉప్పు లేకపోతే నిలబడగలడా?"

"మామయ్యగారూ ఇలాగే తిన్నారు. యాభై నాలుగేళ్ళకే ఆ తోటలోనే కుప్పకూలిపోయారు!"

అనేశాక కినుయె నాలుక కరుచుకుంది. తొమె ముఖం పాలిపోయింది. పెరట్లో ఊరగాయ తొట్లుండే కొట్టులోకి వెళ్ళిపోయింది.

కినుయె పరుగున వెళ్ళేసరికి ఆవిడ తొట్టి అంచు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"అంటే, ఆయన్ని నేనే చంపుకున్నానా?"

"అయ్యో, అలా అనకండి! ఆ రోజుల్లో మీకెవరు చెప్పారు? నాకూ నిరుడు దాకా తెలీదు."

"మంచులో తడిసొచ్చి, ఇంకో ముద్ద మిసో వెయ్యవే అనేవారు. ఇష్టంగా తింటున్నారు కదా అని వేసేదాన్ని."

కినుయె ఆవిడ చేతులు పట్టుకుంది. ఇద్దరూ కాసేపు అలాగే ఏడ్చారు. తర్వాత తొమె కళ్ళు తుడుచుకుని చివాలున లేచింది.

"పద! నా కొడుకుని కూడా తోటకి ఒప్పగించను. ఆ యంత్రం పట్టుకురా!"

వంటిల్లు పోటీ మైదానమైపోయింది. మిసో తగ్గించి కాచారు: ఒకటి పాయింట్ నాలుగు. రుచి కోసం ఉప్పు పట్టించని ఎండు చేపలు ఎక్కువ వేసి, ముల్లంగి, పుట్టగొడుగులు దట్టించారు: ఒకటి పాయింట్ ఒకటి.

"ఇంకొక్కసారి!" తొమె బట్టల చేతులు పైకి మడుచుకుంది.

సున్నా పాయింట్ తొమ్మిది! అత్తాకోడళ్ళు చిన్నపిల్లల్లా ఒకరి భుజాలొకరు పట్టుకుని గెంతారు. ఆ కేకలకు పరుగెత్తుకొచ్చిన కినుయె భర్త షిగెయో, తల్లి అందించిన గిన్నె ఊదుకుంటూ తాగాడు.

"ఏం వేశావమ్మా ఇవాళ? ఇంకొంచెం పొయ్యి."

మధ్యాహ్నం సమావేశంలో కినుయె నోరు తెరవకముందే తొమె లేచి నిలబడింది.

"మా ఆయన కంచంలో ప్రేమకొద్దీ ఉప్పు గుమ్మరించాను," అంది. "నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు. మీకు చెప్పడానికి నా కోడలుంది. రేపు మీ ఇళ్ళకొస్తుంది. కుండల మీద మూతలు తీసి ఉంచండి."